కూర్మారావు బాబాయ్ దిద్దిన వాక్యం

మొన్న మధ్యాహ్నం హైదరాబాదులో మా ఆఫీసు ముందు నుంచి పాత సామాన్లు కొనే ఆటో ఒకటి వెళ్ళింది. దాని మైకు గరగరలాడి, సన్నగా కీచుమని, ఆ తర్వాతే మనిషి గొంతు పలికింది. నా బల్ల మీద కొత్త రచయితలు పంపిన లాగ్‌లైన్లు ఉన్నాయి. సినిమా కథ మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పడాన్ని మా వృత్తిలో అలా అంటారు. వాటిని చదివి, ఎక్కడ నిలబడ్డాయో ఎక్కడ తడబడ్డాయో రాసి పంపడం నా ఉద్యోగం. ఆ గరగర విన్నాక చాలాసేపు ఒక్క ముక్కా చదవలేకపోయాను. ఈ పని నాకు నేర్పిన మనిషి లాగ్‌లైన్ అన్న మాట ఎన్నడూ వినలేదు.

కూర్మారావు బాబాయ్‌ది కాశీబుగ్గలో మా పక్కిల్లు. పలాసలో ఒక సినిమా హాలుకు ప్రచారం చేసేవాడు. ఆటోకు రెండు వైపులా పోస్టర్లు కట్టుకుని, మందస నుంచి పూండి దాకా ఊరూరా మైకులో సినిమా చెప్పేవాడు. ఆటో ఒక ఇంటి ముందు నుంచి సాగిపోయేలోగా కథ చెవిన పడాలి. ఆయన గొంతు వినగానే అరుగుల మీద జీడిపిక్కలు కొడుతున్న ఆడవాళ్ళు తల ఎత్తేవారు. ఆ ఎత్తిన తలలే తనకు పరీక్ష అనేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను డిగ్రీ చదువుతుండగా, కథలు కావాలని ఒక నిర్మాణ సంస్థ పేపర్లో ప్రకటన ఇచ్చింది. ముందు ఒక్క వాక్యం పంపమంది. ఎంతో గర్వంగా రాసుకున్న వాక్యాన్ని బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. “ప్రేమకూ కర్తవ్యానికీ మధ్య నలిగిపోయిన ఓ యువకుడి సంఘర్షణ.”

ఆయన కాగితం చూడలేదు. కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఒలే గుంటా, ఆడు ఏ ఊరోడు? ఏటి సేత్తాడు?”

“అదింకా అనుకోలేదు బాబాయ్.”

“మరి నాకెవులూ కనపళ్ళేదు. ఇది వెయ్యి కథలకి సరిపోద్ది, నీ కథకి సాల్దు. ‘నలిగిపోయిన’ అన్నావు సూడు, ఆ మాట బాగున్నాది. ఎవుల సేతిలో నలిగినాడో సెప్పు.”

ఎప్పుడూ అంతే. బాగాలేదని ఒక్కసారీ అనలేదు. తనకు ఏం వినిపించిందో చెప్పేవాడు, బతికున్న మాట ఒకటి ఏరి చూపించేవాడు, ఒక్క ప్రశ్న అడిగేవాడు. ఆ ప్రశ్నతో నేను వారం రోజులు కుస్తీ పట్టేదాన్ని.

అలా అయిదారు వాక్యాలయ్యాక, మా ఉద్దానం ఊళ్ళల్లో మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బు మీద ఒకటి రాశాను. “మూత్రపిండాలు పాడై చావుకు దగ్గరైన కొబ్బరి రైతు కన్నీటి గాథ.”

“సచ్చిపోడం కథ కాదే. ఆడికేటి కావాలి?”

“బతకాలి.”

“అది అందరికీ కావాలి. పొద్దున్న లెగిస్తే, ఆడికేటి కావాలి?”

నాకు రోషం వచ్చింది. “జబ్బు మనిషి బాధ నీకేటి తెలుసు బాబాయ్?” అనేశాను.

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. “తెలిసినోల్ని అడుగు మరి” అన్నాడు, అంతే.

అప్పటికి కొన్ని నెలలుగా ఆటోలో ఆయన బదులు క్యాసెట్టు తిరుగుతోంది. వారానికి రెండుసార్లు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళేవాడు. ఫిలిం పెట్టెల కోసమని మాకు చెప్పేవాడు. నేనలా అన్న నాలుగో రోజున, ఆయన భార్య పార్వతి పిన్ని మా పెరట్లో కూర్చుని అమ్మతో ఏడుస్తూ చెబుతుంటే విన్నాను. ఆయన వెళ్తున్నది డయాలసిస్‌కి.

రెండు రోజులు ఆయనకు ముఖం చూపించలేకపోయాను. మూడో రోజు వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. క్షమించమనడానికి నోరు రాలేదు. “నీకేటి కావాలి బాబాయ్?” అని మాత్రం అడగగలిగాను.

ఆయన నవ్వాడు. “ఇప్పటికడిగినావు. పూండి దాకా ఒక్కపాలి ఎల్లాలే. క్యాసెట్టు కాదు, నా గొంతుతో సినిమా సెప్పాలి.”

అక్కడే కూర్చుని రాశాను. “గొంతు పోయేలోగా చివరిసారి ఊరూరా తిరిగి సినిమా చెప్పాలనుకునే ప్రచారకుణ్ణి అతని జబ్బు శరీరమే ఆపుతుంది.” చదివి వినిపించాను. ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఇప్పుడు మనిషి కనపడతన్నాడు. కానీ ఒక అబద్ధం ఉన్నాది. నన్నాపుతున్నది ఒళ్ళు కాదు, మీ పిన్ని. ఎండలో పడిపోతానని దాని బయ్యం. బయ్యమని రాయి.”

గుమ్మంలో నిలబడ్డ పిన్ని విన్నది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం ఆటో వాళ్ళింటి ముందు ఆగింది. పిన్ని ఆయన్ని పట్టుకుని ఎక్కించి, డాక్టరు తాగమన్న కొలతకు నీళ్ళు నింపిన సీసా ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. పూండిలో సగం వాక్యం దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. డ్రైవరు వెనక్కి చూసి ఆటో ఆపేశాడు. అరుగుల మీద ఎత్తిన తలలు ఎత్తినట్టే ఉన్నాయి. పిన్ని సీసా మూత తీసి ఒక్క గుటక పట్టింది. మిగతా సగం ఆయనే చెప్పాడు.

ఆ వానాకాలంలో బాబాయ్ పోయాడు.

కర్మకాండలన్నీ అయ్యాక పిన్ని నన్ను పిలిచి, ఆ వాక్యం చదవమంది. ఆయన చెప్పినట్టే దిద్దాను కనుక, ‘భార్య భయం ఆపుతుంది’ అన్న చోట నా నోరు తడబడింది. పిన్ని చివరిదాకా విన్నది.

“ఆపినాను, నిజమే” అంది. “కానీ ఎల్లమని ఒగ్గేసినాను కదే. అది కూడా రాయి.”

ఆ మాటను అదే వాక్యంలో పెట్టాలని ఎన్ని విధాలుగానో రాసి చూశాను. పెడితే ఆయన పక్కకు జరుగుతాడు, తీసేస్తే పిన్నికి అన్యాయం జరుగుతుంది. ఆ వాక్యాన్ని ఎవరికీ పంపలేదు. ఈనాటికీ ఎవరి లాగ్‌లైన్ చేతికొచ్చినా, బాగోగులు రాసేముందు, ఆ వాక్యంలో చోటు దొరక్క గుమ్మంలోనే నిలబడిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారేమోనని వెతుకుతాను.