ముష్టి గింజలు

కోరుట్లలో జగిత్యాల బస్సెక్కి, చేతిలోని పొట్లం విప్పి చూసుకుంటున్నాను. లోపల గుండీల్లాంటి ముష్టి చెట్టు గింజలు. పక్కసీటు ముసలామె అవెందుకని అడిగింది. అమ్మ మోకాళ్ల నొప్పులకని, దంచి తేనెతో ఇమ్మని ఒకాయన వీడియోలో చెప్పాడని అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "మీ అవ్వను సంపుకుంటవా కొడుకా? గది విషం!"

"మందే కదా పెద్దమ్మా?"

"మందే. గీ గింజల విషం తీయనీకి, నాటువైద్యం జేసే మా నాయన దినాలకు దినాలు కూసునెటోడు. నాడి చూడకుండ ఎవ్వలకు ఇచ్చెటోడు కాదు. గా ఫోన్లోడు మీ అవ్వ నాడి చూసిండా? రేపు ఏమన్నయితే వాడు అత్తడా? నాటుమందు సంపిందని మమ్ములనే తిడుతరు!"

బస్సంతా మా వైపు తిరిగింది. ఆమె పొట్లం లాక్కుని కొంగున ముడేసుకుంది. జగిత్యాలలో దిగి, అలాగే వెళ్లిపోయింది. నేను పొట్లం తిరిగి అడగలేదు.

ఆ వీడియోను నేను అప్పటికే ఇంకొందరికి పంపాను. బస్టాండులోనే నిలబడి, ఆ గింజలు వాడొద్దని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మూడో అతను, "చెట్టు మందు ఏం జేస్తదన్నా?" అని నవ్వాడు. అతని మీద అరిచినంత గట్టిగా నేను ఎప్పుడూ ఎవరిమీదా అరవలేదు.