సేపలు అని కొట్టు

నా చిన్నప్పుడు, కంచరపాలెంలో మా అమ్మమ్మ పెద్దకర్మ రోజున, ఇంటినిండా చుట్టాలుండగా మా మావయ్య నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

చేపల పులుసు ఎలా పెట్టాలో అమ్మమ్మ మా అమ్మకు చెబుతుండగా మావయ్య ఒకసారి క్యాసెట్లో రికార్డు చేశాడు. ఫ్యాను హోరులో ఆమె మాట సగం వినపడేది కాదు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఆదేశాలు టైపు చేసి, వాటిలో అంకెలు మార్చి మార్చి, చివరికి ఆ హోరు తగ్గించాడు. భోజనాల దగ్గర అందరికీ వినిపిస్తానన్నాడు. ఆ ఉదయమే పాత ఫైళ్లు తీసేస్తూ, హోరు తగ్గించిన ఆ ఫైలునీ పొరపాటున తీసేశాడు. మొదటి రికార్డింగు మిగిలింది కానీ, హోరు తగ్గించిన అంకెలు అతనికి గుర్తులేవు.

కొట్టిన ప్రతి ఆదేశాన్నీ కంప్యూటర్ దాచుకుంటుందట. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి, గుర్తున్న ముక్క కొడితే వెతికి చూపిస్తుందట. కర్మ దగ్గర నుంచి తడిబట్టలతో లేచి వచ్చాడు కాబట్టి తాను కీబోర్డు ముట్టుకోలేదు. ఆ ఫైలుకు చేపల పేరే పెట్టానన్నాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో ‘చేపలు’ అని కొట్టాను. ఏమీ రాలేదు.

“ఏటే, బడి తెలుగు కొట్టేవా? నాను మీ అమ్మమ్మ మాటే పెట్టేను. సేపలు అని కొట్టు.”

ఆ మాట అన్నందుకే బడిలో నన్ను నిలబెట్టారు. అయినా కొట్టాను. వెంటనే ఒక ఆదేశం వచ్చింది. ఎంటర్ మీదికి వేలు పోనిచ్చాను.

“ఆగెహె! అది సెరిపేసిన కమాండు. మళ్లీ సెరిపేత్తావేటి? ఇంకోపాలి కంట్రోల్, ఆర్ నొక్కు, దాని ముందుది వత్తాది.”

నొక్కాను. అంకెలతో సహా పొడవాటి ఆదేశం తెర మీద నిలిచింది. మావయ్య దాన్ని మెల్లగా చివరిదాకా చదివి, “అదే! అదేనే! ఇప్పుడు కొట్టు!” అని అరిచాడు.

“కర్మకాడ ఆ కేకలేట్రా?” అని లోపలి నుంచి పెద్దమ్మ కసిరింది.

భోజనాల వేళ అమ్మమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది. “సింతపండు అంతెయ్యకే. సచ్చిన సేపని మళ్లీ సంపుతావా?” అందరూ ఏడుస్తూనే నవ్వారు. మళ్లీ పెట్టమన్నారు. కసిరిన పెద్దమ్మే ముందు అడిగింది.

ఈ ఏడాది మావయ్య కూడా పోయాడు. రుషికొండలో నేను పనిచేసే చోట పాత ఆదేశాలను వెతికే పనిముట్లు ఇప్పుడు ఎంతో మెరుగు. అక్కడక్కడా కొన్ని అక్షరాలు గుర్తున్నా పట్టుకుంటాయి. అయినా ఒకరు వదిలి వెళ్లినదాన్ని వెతకాల్సి వస్తే నేను నా మాటతో మొదలుపెట్టను. వాళ్లు దాన్ని ఏమని పిలిచి ఉంటారో ముందు ఆలోచిస్తాను. దొరుకుతుంది.