పిడి వైపు నుంచి పడిన గీతలు

ఇంట్లో కత్తికి పదును పెట్టడం గురించి పుస్తకాల్లో చాలా ఉంది. పెనుమూడిలో నేను చూసింది మాత్రం వాటిలో లేదు. అందుకే రాసిపెడుతున్నాను.

బాపట్ల ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు ఇన్‌స్ట్రక్టరుగా నా సర్వీసు చివరి ఏడాది, దసరాకు వారం ముందు, పెనుమూడి నుంచి శ్రీనివాసరావు అనే రైతు వచ్చాడు. వాళ్ళింట్లో తాతల నాటి పొడుగు కత్తి ఉంది. దసరా నాడు ఇంటి పెద్ద దాంతో బూడిద గుమ్మడికాయను ఒకే వేటుకు కొట్టాలి. కత్తి గడప దాటకూడదు గనుక మిషను మీద పదును పెట్టించే వీల్లేదు.

“నిరుడు నాన్న పదును చూద్దామని బొటనవేలు ఆనించాడండి. తెగింది. ధనుర్వాతంతో పోయాడు. ఈసారి కొట్టాల్సింది నేను,” అన్నాడు.

తెనాలి లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఉక్కు గురించి చదివినవాణ్ణి. ధైర్యంగా వెళ్ళాను.

వాళ్ళింట్లోనే ఒక గదిలో కత్తిని చెక్క మీద పడుకోబెట్టి, క్లాంపులు బిగించి, తోలు గ్లౌజులు వేసుకుని, తడి రాయితో పదును పట్టాను. ముందుగా అంచుకు మార్కర్ సిరా పూస్తాం. రాయి సరైన వాలులో ఆనితే సిరా వెడల్పుగా పోతుంది. రాయి నిలువుగా లేస్తే అంచు చిట్టచివర మాత్రమే పోతుంది, పదును చస్తుంది. సాయంత్రానికి కాగితం తెగింది. మర్నాటి పనికి మళ్ళీ సిరా పూసి, గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాను.

పొద్దున కాగితం తెగలేదు. “ఏంటి మాస్టారూ, దీనికంటే మా అట్లకాడ నయమండి,” అన్నాడు శ్రీనివాసరావు. భూతద్దంలో చూస్తే అంచు చిట్టచివర మాత్రమే సిరా లేదు. గీతలు నావాటికి ఎదురుగా వాలి ఉన్నాయి. ఇలా రుద్దినవాళ్ళది ఎడమచేతి వాటమని, చదివిన ధీమాతో తేల్చేశాను.

“మా ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్ళెవరూ లేరండి.” అతని నవ్వు పోయింది.

మళ్ళీ పట్టి, తాళం వేసి, వసారాలో భోజనానికి కూర్చున్నాం. అతని తల్లి అన్నపూర్ణమ్మగారు వడ్డించి లోపలికెళ్ళారు. కాసేపటికి తాళం వేసిన గదిలోంచి రాయి చప్పుడు. మూడు రుద్దుళ్ళు, విరామం. మళ్ళీ మూడు.

శ్రీనివాసరావు చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. “నాన్న అలాగే రుద్దేవాడండి.”

తాళం తీశాను. ఎవరూ లేరు. రాయి తడిగా ఉంది. అంచు మొద్దుబారింది.

భయం పోవడానికి పని చేయడమే నాకు తెలుసు. రాయి పట్టుకుని కత్తికి ఒక్కో వైపూ కూర్చుని చూశాను. పిడి దగ్గర కూర్చుంటే నా కుడిచేతి గీత కూడా అలాగే వాలింది. ఇక్కడ ఎవరు కూర్చునేవాళ్ళని అడిగాను.

“అమ్మండి. నాన్న రుద్దుతుంటే పిడి నొక్కి పట్టుకునేది.”

బీరువా పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంది. దాని గొళ్ళెం వంటింటి వైపు ఉంది. అన్నపూర్ణమ్మగారి వేళ్ళకు రాతి బురద ఇంకా ఆరలేదు.

“నువ్వు పదును పెట్టి పోతావు నాయనా. వేలు పెట్టి చూసేది వీడు,” అన్నారు.

కాయ తెగడానికి కత్తి మధ్యలో జానెడు పదును చాలు. అంతే పట్టాను, మిగతాది మొద్దుగానే ఉంచాను. ఆవిడ పిడి పట్టుకున్నారు. ఆవిడ ముందే కొడుక్కి గ్లౌజులు తొడిగి, కాగితంతో మాత్రమే పదును చూడడం నేర్పాను.

దసరా నాడు ఫోనొచ్చింది. “ఒక్క వేటేనండి. పది వేళ్ళూ ఉన్నాయని అమ్మ చెప్పమంది.”

గీతను బట్టి చేతివాటం తేల్చే ముందు మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూడాలి. పదును పెట్టే ముందు, ఆ పదునంటే ఇంట్లో ఎవరికి భయమో అడగాలి.

పుస్తకాలు వెతికిచ్చిన తెనాలి లైబ్రేరియన్ సుభానీగారికి, క్లాంపులు అరువిచ్చిన స్టోర్‌కీపర్ కోటేశ్వరరావుగారికి, ఇది రాయడానికి ఒప్పుకున్న శ్రీనివాసరావుకు, పిడి పట్టిన అన్నపూర్ణమ్మగారికి కృతజ్ఞతలు.