బొంత నోటుపుస్తకం

మా అత్తకు కోపం వస్తే చీపురు పట్టుకుంటుంది. ఎవరినో కొట్టడానికి కాదు, ఊడవడానికి. ఊడ్చిన లాయాన్నే మళ్ళీ ఊడుస్తుంది. ఆ చప్పుడు వినగానే మా మామయ్య "ఇవాళ మనతో మాటల్లేవు" అని తేల్చుకుని, తన టీ తనే పెట్టుకుంటాడు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. గుర్రప్పిల్లలను పెంచి, కర్రలు దాటే పోటీలకు పనికొచ్చేలా నేర్పి, నాలుగైదేళ్ళు రాగానే అమ్మడం ఆమె పని. ఇంటి వెనక ఎనిమిది గదుల లాయం, దాన్ని ఆనుకుని ఇసుక మైదానం. వంటింటి కిటికీ తెరిచామంటే మొదటి గదిలో గుర్రం తల లోపలికి పెట్టి పొయ్యి మీద ఏముందో చూస్తుంది. మామయ్య తాపీమేస్త్రీ. ఆ గోడలన్నీ ఆయన కట్టినవే. నేను వాళ్ళింట్లో చేరి పదిహేనేళ్ళు దాటింది. అత్త నేర్పితే గుర్రం ఎక్కాను, అత్త తిడితే దిగాను.

తిట్లు కూడా పాఠంలో భాగమే. "ఏమే, పగ్గం పట్టుకున్నావా, బావిలోంచి నీళ్ళు తోడుతున్నావా?" అనేది. మనుషుల మీద ఉన్నంత దురుసు గుర్రాల దగ్గర ఉండేది కాదు. పుట్టిన వారంలోనే పిల్ల మెడ మీద చెయ్యి వేసి నిలబడడం అలవాటు చేసేది. తర్వాత కాళ్ళు ఎత్తనివ్వడం, ఆ తర్వాత పొడుగు తాడు మీద నడక, ఖాళీ జీను, మూడో ఏడు దాటాక జీను మీద అడ్డంగా బోర్లా పడుకోవడం. అది బెదరలేదని తేలాకే కాలు అటు వేసి కూర్చునేది. అడ్డుకర్రలు ముందు నేల మీదే. నెలల తరబడి నేల మీదే.

ఆమెకు రెండు నియమాలు ఉండేవి. ఒకటి నోటుపుస్తకం. ప్రతి గుర్రానికీ ఒకటి. దాని అలవాట్లూ భయాలూ అన్నీ అందులో రాసి, గుర్రంతోపాటు కొన్నవాళ్ళ చేతికిచ్చేది. రెండోది నేను. అమ్మకానికి ముందు రెండు నెలలు ఆ గుర్రాన్ని నేనే ఎక్కాలి. "ఒక్క మనిషి బరువే తెలిసిన గుర్రం ఆ మనిషికి తప్ప ఎవరికీ పనికిరాదే" అనేది. నేనేదో గొప్ప రౌతునని కాదు. రెండు ఒళ్ళు తెలిసిన గుర్రం మూడో ఒంటికి సర్దుకుంటుంది, అంతే.

పదకొండేళ్ళ కిందట ఒక పోతుగుర్రం అత్తతో సహా పడింది. కుడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ఆమె కుర్చీలో కూడా ఎడమకు ఒరిగే కూర్చునేది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే చీపురు పట్టుకునేది. కాబట్టి ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో తుంటి అనే మాటే లేకుండా పోయింది.

బొంత పుట్టినప్పుడు తల్లి బతకలేదు. తెల్లవారుజామున చలికి వణుకుతున్న ఆ ఆడ గుర్రప్పిల్లకు అత్త తన పక్కమీది బొంత తెచ్చి చుట్టింది. పేరు అలా వచ్చింది. రెండు నెలలు సీసాతో పాలు పట్టింది. ఒళ్ళంతా పాల వాసనతో తిరుగుతుంటే మామయ్య, "లేక లేక పుట్టిన కూతురు, కాళ్ళు మాత్రం నాలుగు" అని వేళాకోళం చేసేవాడు. అత్త నవ్వేది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

బొంత పెరిగింది. ఎరుపు మీద నలుపు జూలు, పొడుగు కాళ్ళు. దానికి కర్ర దాటడం పని కాదు, సరదా. నాలుగో ఏడు నిండింది, ఐదోది నడుస్తోంది. ఇక నేను ఎక్కాల్సిన రోజులు వచ్చాయి.

"రేపటి నుంచి నేను ఎక్కనా అత్తా?"

"ఇంకా వద్దులే. చిన్నది."

మరో నెల పోయాక అడిగాను. "జ్వరమొచ్చి లేచింది, ఇప్పుడొద్దు." ఆ తర్వాత అడిగితే, "నీ చేతులు మొరటు" అంది. నాకు కోపం వచ్చి మళ్ళీ అడగడం మానేశాను. నిజం ఏమిటంటే ఆమె ఆ గుర్రాన్ని ఇంకొకరి కింద చూడలేకపోయింది. జీవితంలో ఒక్కసారి తన నియమం తనే తప్పింది. ప్రేమతోనే తప్పింది.

అలాగని అమ్మకుండా ఉండే ఇల్లు కాదు మాది. ఒకటి పోతేనే మిగతా వాటికి మేత. కళ్ళ డాక్టరమ్మ ఒకావిడ చూడడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, నిదానస్తురాలు, చిన్నప్పటి నుంచి మంచి శిక్షణలో పెరిగిన రౌతు. అప్పుడే మణికట్టుకు కట్టు విప్పారట. నడకా, పరుగూ తనే ఎక్కి చూసుకుంది. దూకడం మాత్రం అత్త చేసి చూపించింది, నేను ఫోనులో వీడియో తీశాను. వరసగా తొమ్మిది అడ్డాలు. ఒక్క కర్ర కదల్లేదు.

"నా చెయ్యి గట్టిపడడానికి ఇంకో నెల పడుతుందండీ. ఈలోపు దూకించను. మీరు చూపించారుగా, నాకది చాలు" అంది డాక్టరమ్మ.

అత్త నోటుపుస్తకం ఇచ్చింది. ఎడమ చెవి ముట్టుకోనివ్వదు. బకెట్ చప్పుడుకు బెదురుతుంది. నీళ్ళు తాగేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. ఇలా పద్నాలుగు పేజీలు. బండి వెళ్ళిపోయాక రెండు రోజులు లాయం ఊడుస్తూనే ఉంది.

నెలన్నరకు ఫోను వచ్చింది. బొంత అడ్డం ముందు ఆగిపోతోందట. చిన్నదైనా, పెద్దదైనా.

"మా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదండీ" అంది అత్త.

"నేనూ అదే అనుకుంటున్నానండీ. మరి ఏం చెయ్యమంటారు?"

"పగ్గం మీద మీ చేతులు బరువేమో చూసుకోండి."

"సరేనండీ" అని పెట్టేసింది ఆవిడ. మళ్ళీ చెయ్యలేదు. అత్తా చెయ్యలేదు. "నా పిల్లకు వంక పెడతారా" అని చీపురు అందుకుంది.

ఆ సాయంత్రమే నేను ఫోనులో పాత వీడియో పెట్టుకుని చూశాను. బొంత మీద బెంగతో పెట్టాను, మరే ఉద్దేశంతోనూ కాదు. మూడోసారి చూస్తుంటే కనిపించింది. ప్రతి అడ్డానికి రెండు అంగల ముందు అత్త ఒళ్ళు ఎడమకు ఒరుగుతోంది. కుడి తుంటి మీద దెబ్బ పడకుండా బరువంతా అటు జార్చేస్తోంది. ఆమె అలా ఒరిగిన క్షణంలోనే బొంత చెవులు ముందుకు పెట్టి లేస్తోంది. తొమ్మిదిసార్లూ అంతే. అంటే బొంతకు దూకమనే సైగ అదే. కాలితో నొక్కడం కాదు, ఇంకేదో కాదు, ఆ ఒరగడం. నిటారుగా కూర్చున్న మనిషి కింద అది దూకమన్నారో లేదో తెలియక, మర్యాదగా ఆగిపోతోంది.

నాకు తెలిసిపోయింది. తెలిసి మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఆమె కోపానికి భయపడ్డానని చెప్పుకుంటాను గానీ, అది సగమే. నా చేతులు మొరటు అన్న మాట నాలో ఇంకా నలుగుతూనే ఉంది. తిన్నగా చెప్పాలంటే, ఆమెనూ కాస్త బాధపడనీ అనుకున్నాను.

చివరికి వంటింట్లో బల్ల మీద ఫోను పెట్టి చూపించాను. అత్త ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. మామయ్య కూడా తొంగి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసే నీకు?"

"మూడు వారాలు."

నన్ను తిట్టలేదు. చీపురూ పట్టుకోలేదు. చెప్పులు వేసుకుని బండి తాళం తీసుకుంది. తిడితే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాను.

డాక్టరమ్మ గేటు తెరిచి లోపలికి తీసుకెళ్ళింది. బొంత గది మూలకు తల పెట్టి నిలబడి ఉంది. డొక్క రెండు పక్కలా వాతలు. "ఒక శిక్షకుణ్ణి పెట్టానండీ. కొడితే తప్ప దారికి రాదన్నాడు. నాలుగు రోజులు చూసి పంపించేశాను. ముందే పంపించాల్సింది" అంటూ ఆవిడ ఏడ్చేసింది. కొట్టినప్పుడల్లా పరిగెత్తి, అడ్డం ముందు ఒక్కసారిగా కాళ్ళు నిలదొక్కుకుని ఆగేదట. ముందరి కుడికాలి వెనకవైపు నరం ఉబ్బి, ముట్టుకుంటే కాలుతోంది.

"తప్పు నాదండీ. బాగుచేసి తెచ్చిస్తాను, నాకు ఇవ్వండి" అంది అత్త. జీవితంలో ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

బొంత ఇంటికొచ్చింది. పశువుల డాక్టరు కాలు పిసికి చూసి, ఏడెనిమిది నెలలు కదలనివ్వొద్దనీ, అప్పుడు చూద్దామనీ అన్నాడు. ఆ "చూద్దాం" పట్టుకుని అత్త లెక్కేసుకుంది. దాని కాలు బాగయ్యేలోపు తన కూర్చోవడం బాగుచేసుకోవాలి. నిటారుగా కూర్చుని, బొంతకు కొత్త సైగ నేర్పి, మళ్ళీ డాక్టరమ్మకు అప్పగించాలి. అప్పుడామెకు యాభై నాలుగు.

ఎప్పుడో పని మానేసిన స్వారీ మాస్టారొకాయన ఉండేవాడు. ఆయన దగ్గరకు వెళ్ళి చిన్నపిల్లలా నిలబడింది.

"మీరు నేర్పే మనిషి కదమ్మా, మీకు నేనేం నేర్పను?" అన్నాడాయన.

"కూర్చోవడం నేర్పండి మాస్టారూ."

జీనుకు పాదాలు ఆనించే రికాబులు తీసేసి ముసలి గుర్రం మీద గంటల తరబడి నడిపించాడు. తుంటి నొప్పికి అత్త రాత్రిళ్ళు గోడ పట్టుకుని నడిచేది. మామయ్య ఒకరోజు గోడ నిటారు చూసే తన గుండు తెచ్చి, దారం చివరను అత్త చొక్కా కాలరుకు పిన్నుతో గుచ్చాడు. గుండు వీపు వెంట వేలాడింది. "ముప్పై ఏళ్ళుగా గోడలు సరిచేస్తున్నాను, నా పెళ్ళాన్ని మాత్రం వదిలేశాను" అన్నాడు. నేను వెనక నడుస్తూ చెప్పాలి: ఎడమకు పోయింది, ఇంకా పోయింది, ఆఁ వచ్చింది. తుంటి అనే మాట పదకొండేళ్ళకు మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడు రోజుకు వందసార్లు అనుకునేవాళ్ళం.

ఐదో నెలకు నడకలో గుండు వెన్నుపూసను వదలలేదు. ఏడో నెలకు మిగతా గుర్రాల మీద చిన్న అడ్డాలు నిటారుగా దాటింది. నొప్పికి మొహం తెల్లబడేది, ఒళ్ళు మాత్రం ఒరగలేదు. అంత అందంగా ఆమె స్వారీ చేయడం నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టాడు.

ఎనిమిదో నెలలో పశువుల డాక్టరు మళ్ళీ వచ్చాడు. బొంత కాలు ఎత్తి, నరం వెంట బొటనవేలు నడిపి చూశాడు. వాపు తగ్గింది గానీ లోపల గట్టి ముడి పడిపోయింది.

"నడుస్తుందమ్మా. తేలిగ్గా ఎక్కి తిప్పొచ్చు. దూకడం మాత్రం ఇక లేదు."

"ఇంకో ఏడాది ఆగితే?"

"లేదమ్మా."

ఆయన్ని గేటు దాకా పంపి వచ్చి, అత్త జీను తెచ్చి వేసింది. నేను వద్దనలేదు. మెల్లగా ఎక్కి, ఇసుకలో ఒక చుట్టు నడిపించింది. గుండు అక్కర్లేదు. ఆమె వీపు మామయ్య కట్టిన గోడలా ఉంది. దారిలో నేల మీద ఒక కర్ర పడి ఉంది, బొంత మూడో ఏట నుంచీ రోజూ దాటిన కర్ర.

బొంత దాని ముందు ఆగింది.

అత్త నిటారుగానే కూర్చుని కాలితో మెత్తగా నొక్కింది. బొంత కదల్లేదు. చెవులు రెండూ వెనక్కి తిప్పింది. తర్వాత మెడ తిప్పి అత్త ఎడమ బూటును వాసన చూసింది, మోకాలిని చూసింది, మళ్ళీ బూటును చూసింది. అది భయపడడం లేదు. వెతుకుతోంది. తనకు తెలిసిన మనిషి పైన ఉందా లేదా అని వెతుకుతోంది.

అత్త ఎడమకు ఒరిగింది. వెనకటిలాగే. బొంత వెంటనే కర్ర దాటింది.

అటుపక్క దిగి దాని మెడకు మొహం ఆనించి ఏడ్చింది అత్త. "ఎవరో కొత్తవాళ్ళు ఎక్కారనుకుందే పిచ్చిది" అంది. ఆ మూడు వారాలు నా కళ్ళ ముందు నిలబడ్డాయి. శిక్షకుడు వచ్చింది వాటిలో ఆఖరి వారంలోనే.

అత్త డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పింది. బొంతను మీ దగ్గరే ఉంచుకోండి అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నం అత్త, గుర్రంతోపాటు తిరిగొచ్చి జీను పెట్టెలోనే పడి ఉన్న నోటుపుస్తకం తీసింది. అప్పటిదాకా మేము దాన్ని తెరవనే లేదు. ప్రతి వాక్యం పక్కనా పెన్సిలు టిక్కులు. ఎడమ చెవి, టిక్కు. బకెట్ చప్పుడు, టిక్కు. నీళ్ళ దగ్గర మనిషి, టిక్కు. పద్నాలుగు పేజీలూ అలాగే. ఆఖరి పేజీలో, మాకు ఫోను చేయడానికి ముందురోజు తేదీ వేసి, డాక్టరమ్మ చిన్న అక్షరాలతో రాసుకుంది: "అన్నీ చెప్పినట్టే చేస్తున్నాను. నేనేం తప్పు చేస్తున్నానో తెలియడం లేదు."

అత్త ఆ పేజీ చదివింది. తర్వాత పెన్ను అడిగింది. కింద రాసింది: "మీ తప్పేమీ లేదు. మీరు నిటారుగా కూర్చున్నారు, అంతే."

దాని కింద నేను కూడా ఒక మాట రాయాల్సింది. రాయలేదు. కవరులో పెట్టి, డాక్టరమ్మ అడ్రసు రాసి, పోస్టులో వేసి వచ్చాను.