గుండిగల వెంట మా మనిషి

మా ముత్తాత అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారి. ఆయన గొడుగు కనిపించేదాకా వేలం మొదలయ్యేది కాదని మా ఇంట్లో చెప్పుకుంటారు. బయట ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. మా తాత మునిసిపల్ కౌన్సిలర్. ఏ ఇంటికి వెళ్ళినా ఆయనకు కుర్చీ తుడిచి వేసేవారు. మా నాన్న కాలానికి కుర్చీ వేసేవారు గాని తుడిచేవారు కాదు. నా కాలానికి మిగిలినవి తాత పేరు చెక్కిన రెండు ఇత్తడి గుండిగలు, వాటిని ఊరికి అరువివ్వడంలో మా వంశం పాటించిన పద్ధతి.

పద్ధతి ఏమిటంటే, పెళ్ళికైనా సంతర్పణకైనా అడిగినవాళ్ళకు గుండిగలు ఇస్తాం. అద్దె పుచ్చుకోం. కాపలాకు మా మనిషి వెంట వెళ్ళాలి. మొదటి బంతిలో మొదటి విస్తరి మా ఇంటి పెద్దకు వెయ్యాలి. షామియానా కొట్లవాళ్ళు అల్యూమినియం గిన్నెలు అద్దెకివ్వడం మొదలుపెట్టాక కూడా మా పద్ధతి అలాగే ఉంది, అడిగేవాళ్ళే లేకుండా పోయారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గవరపాలెంలో ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. పనికి పోయే తల్లుల పిల్లలను చూసుకోవడం, కుట్టు నేర్పడం, గర్భిణులకు మధ్యాహ్నం భోజనం పెట్టడం వాళ్ళ పనులు. అధ్యక్షురాలు రిటైరైన నర్సు. ప్రతి ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతు ఆవిడది. ఆ గొంతుతోనే మా ఆవిడను వంటకు రమ్మంది, జీతం ఇస్తానంది. మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు గీకుతున్న రోజులవి.

"మా ఇంటి ఆడవాళ్ళు జీతానికి వండలేదు" అన్నాను.

"జీతం లేకుండానే వండేరు. నానూ ఇన్నాళ్ళూ అదే సేత్తన్నాను గదా" అంది మా ఆవిడ.

మర్నాడు నర్సమ్మ స్వయంగా వచ్చింది. "బాబుగారూ, మీ గుండిగలు అద్దెకిత్తారేటి?"

అద్దె అనే మాట మా గడప దాటి లోపలికి రాదని చెప్పి, పద్ధతి మొత్తం వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, "మరి కాపలాకి ఎవరొత్తారండి?" అంది.

పూర్వం ఆ పనికి మనుషులుండేవారు. నేను చుట్టూ చూశాను. గుమ్మంలో మా ఆవిడ అప్పటికే మూతలు చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"నానెల్తాను. పక్కన ఊరికే కూకోలేను గదా, గరిటె తిప్పుతాను."

"కాపలాకి జీతం ఇత్తామండి. అది అద్దె కాదు గదా" అంది నర్సమ్మ.

పద్ధతిలో దానికి అభ్యంతరం ఎక్కడా దొరకలేదు.

తొలి రోజు నేను ఇస్త్రీ పంచె కట్టి, కండువా వేసుకుని వెళ్ళాను. చాపల మీద వరసగా గర్భిణులు కూర్చున్నారు. "ఇది కడుపుతో ఉన్నోళ్ళ బంతండి, తమరు రెండో బంతికి" అని నర్సమ్మ నసిగింది. మొదటి విస్తరి మాదన్నాను. వేశారు. నిటారుగా కూర్చున్నాను.

పక్కనున్న నిండు చూలాలు నన్ను తేరిపార చూసి, "తమరికెన్నో నెలండి, బాబుగారూ?" అంది, నవ్వకుండా. మిగిలినవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. విస్తరి విస్తరికీ పెట్టుకుంటూ వచ్చిన ఐరన్ మాత్ర నా విస్తట్లోనూ పడింది. మింగాను. వడ్డించినది వదలడం మా ఇంటా వంటా లేదు. పప్పు మాత్రం ఇంట్లోకన్నా బాగుంది. చెయ్యి మా ఆవిడదే గాని కందిపప్పు సంఘానిది.

పెళ్ళి ఒక్కరోజుతో అయిపోతుంది. సంఘం భోజనం రోజూ ఉంటుంది. పద్ధతి ప్రకారం నేనూ రోజూ వెళ్ళాను.

వేసవి ముందు, సంఘానికి బియ్యం ఇచ్చే సర్కారు ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. నర్సమ్మ మళ్ళీ మా ఇంటికి వచ్చింది.

"గర్భిణుల వరసలో మగ మనిషి కనపడితే బియ్యం ఆపేత్తారండి. బియ్యం ఆగితే వంట లేదు. తమరు రావడమన్నా మానాలి, గుండిగలన్నా మాకమ్మెయ్యాలి."

విస్తరి లేకుండా గుండిగలు పంపడం మా వంశంలో జరగలేదు. ఆ మాటే చెప్పాను. ఇక అమ్మడమే మిగిలింది. అమ్మితే కాపలా ఉండదు. ఇంతకాలం ఎవరడిగినా "మా ఆవిడ గుండిగల కాపలాకు వెళ్తోంది" అని చెప్పుకొచ్చాను.

"అవి ఎల్లిపోతే నాను వంటమనిసినే. సెప్పుకోడానికి మీకేటీ మిగలదు" అంది మా ఆవిడ. వెంటనే, "పని మాత్రం మాన్ను" అంది.

"తాత పేరో?" అని నర్సమ్మను అడిగాను.

"సెరపమండి. రోజూ సింతపండెట్టి తోముతాం."

తనిఖీకి ముందే రెండు గుండిగలూ మూతలతో సహా సంఘానికి అమ్మేశాం.