చివరి మెట్టు చెప్పని మాస్టారు

ఆ గదిలో పన్నెండు బల్లలు, పన్నెండు కంప్యూటరు తెరలు. ఎక్కడెక్కడి పిల్లలో అర్థంకాని లెక్కనో పాఠాన్నో ఫొటో తీసి పంపుతారు. పది నిమిషాల్లో జవాబు రాయాలి. గడువు దాటితే ప్రశ్న దానంతటదే మూసుకుపోతుంది. జవాబు సగంలో ఉందా, రాసినవాళ్ల పేరు మీద ఓ తప్పు పడుతుంది. మూడు తప్పులైతే ఉద్యోగం హుళక్కి.

మాస్టారికి అప్పటికే రెండు పడ్డాయి. చేతకాక కాదు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. పక్క బల్ల చరిత్ర టీచరమ్మ సెలవు పెడితే రాజుల యుద్ధాలు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఆయన రోగం వేరు. లెక్కలో చివరి మెట్టు రాయడు. అక్కడ ఆపి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అంటాడు. పిల్లలకి కావలసింది హోంవర్కు, ఈయన ముచ్చట కాదుగా! విసుక్కుని ఫిర్యాదు చేస్తారు.

బడి మూతపడ్డాక ఆయనకి మిగిలిన బెంగ ఒక్కటే. నల్లబల్ల వైపు గుడ్లప్పగించి చూసే పిల్ల మొహం ఉన్నట్టుండి వెలిగి, "ఓస్, ఇంతేనా మాస్టారూ!" అనడం. ఆ మాట చెవిన పడి నాలుగేళ్లయింది. తెర మీదైనా సరే, ఒక్కసారి వస్తే చాలనుకుంటాడు, పిచ్చి మనిషి.

ఆ సాయంత్రం ఆరో తరగతి పిల్ల ఒకతె లెక్క పంపింది. ఒక కుళాయి తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకోటి మూడు గంటల్లో. రెండూ విప్పితే ఎంతసేపు? తొమ్మిది అని రాసి కొట్టేసింది. పక్కన, "రెండు విప్పితే ఇంకా ఆలస్యమా?" అని తనను తానే అడుక్కుంది.

మాస్టారి ప్రాణం లేచి వచ్చింది. "మొదటిది గంటలో ఆరో వంతు నింపుతుంది, రెండోది మూడో వంతు. రెండూ కలిపితే?" అని రాసి ఆగాడు. నిమిషాలు కరుగుతున్నాయి. ఇక లాభం లేదని మిగతాది రాయబోతుంటే తెర మీద అక్షరాలు మెదిలాయి.

"సార్ ప్లీజ్, చెప్పకండి! వచ్చేస్తోంది!"

చేతులు వెనక్కి తీసుకున్నాడు. ప్రశ్న మూసుకుపోయింది.

కాసేపటికి గది అజమాయిషీ చూసే అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. "మూడోది పడింది మాస్టారూ. రెండు ముక్కలు రాసేస్తే పోయేదిగా? పైవాళ్లకి నేనేం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పమ్మా, దానికేముంది" అన్నాడాయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఆ పిల్లకి లెక్క వచ్చిందో లేదో, ఎలాగైనా తెలుస్తుందా?"