గుమ్మం దాటని పరమాన్నం

అన్నంలోనూ, అన్నం తినేవాడిలోనూ ఉన్న శ్రీమన్నారాయణునికి ముందుగా నమస్కారం. చేనులో గింజను, పొయ్యిలో నిప్పును, కడుపులో ఆకలిని పెట్టినవాడు ఆయనే. మనం చేసేదల్లా నడుమ కాస్త గరిటె తిప్పడమే. ఆయనకు చూపించకుండా ముద్ద నోట పెట్టకూడదని నాకు ఊహ తెలియకముందే నేర్పారు. ఇన్నేళ్ళలో ఆయనకు చెప్పకుండా నేను నాలుక మీద వేసుకున్నది ఒక్కసారే. అది తెల్లాపూర్‌లో ఒక హోటల్లో, నా మనవడి అన్నప్రాశన రోజున జరిగింది.

నాకు హోటళ్ళు పడవు. మా నాయన ఊళ్ళో భజన మండలికి పెద్ద. పగలు నాగలి, పొద్దు గూకితే తాళాలు. బడి పలక కంటే ముందు భాగవతం పద్యాలు నా నోటికి వచ్చాయి. పెళ్ళయ్యాక పటాన్‌చెరు వచ్చాను. మా ఆయనది ఫ్యాక్టరీ ఉద్యోగం. మా కాలనీ గుడిలో శనివారం శనివారం ఆడవాళ్ళ గీతా పారాయణం నేనే నడుపుతాను. గురువుగారి దగ్గర మంత్రం తీసుకున్న నాటి నుంచి నీసు ముట్టలేదు. వండేవాడి మనసు వంటలోకి దిగుతుందని నా నమ్మకం. హోటల్లో వండినవాడు స్నానం చేశాడో లేదో, ఎవరిని తిట్టుకుంటూ పోపు పెట్టాడో ఎవరికి తెలుసు? కౌంటరు మీద దేవుడికేమో కరెంటు దీపం, ప్లాస్టిక్ దండ. కూర్చున్నవాళ్ళకు మాత్రం అన్నీ వేడివేడిగా రావాలి.

అటువంటి నాకు వియ్యం కుదిరింది కూడా హోటల్లోనే. మా అబ్బాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తనతో పనిచేసే అమ్మాయినే చేసుకుంటానన్నాడు. అమ్మాయి తండ్రి కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన మనిషి. పెళ్ళి మాటలకు వాళ్ళు మమ్మల్ని ఇంటికి కాక హైవే మీద ఒక హోటలుకు పిలిచారు. ఏమేం తేవాలో అన్నీ మా వియ్యపురాలే చెప్పింది.

"మా వైపు రుచులు చూడాలి వదినగారూ. ముందు ఉలవచారు పోసుకోండి."

చిన్న కుండలో నల్లగా చిక్కగా ఉన్న చారు, దాని మీద తెల్లటి మీగడ. మూత తియ్యగానే నాకు మా కొట్టం కళ్ళ ముందుకు వచ్చింది. దుక్కుల రోజుల్లో మా నాయన తెల్లవారుజామున లేచి కాగు నిండా ఉలవలు ఉడకబెట్టి ఎడ్లకు పెట్టేవాడు. సరిగ్గా ఆ వాసనే. నాలుక చివరి దాకా ఒక మాట వచ్చింది. పెళ్ళి మాటలనాడు ఎందుకని ఆపుకున్నాను. ఆ రోజు నేను ఉలవచారు మింగలేదు, ఆ మాటను మింగాను.

ఆవిడ మాత్రం ఏ మాటా మింగే మనిషి కాదు. ఒకసారి మా ఇంటికి వస్తే పచ్చిపులుసు పోశాను. రెండు గుటకలు తాగి, "ఇదేమిటి వదినగారూ, పొయ్యి మీద పెట్టడం మరిచిపోయారా? చింతపండు నీళ్ళలో ఉల్లిపాయలు ఈత కొడుతున్నాయి," అని నవ్వింది. మూడేళ్ళయింది. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది.

మనవడు పుట్టాడు. ఆరో నెలలో అన్నప్రాశన. మా ఇంట్లో చేద్దామన్నాను, లేదా గుడిలో చేద్దామన్నాను. అబ్బాయి వినలేదు.

"అమ్మా, మనింట్ల గంతమంది పడ్తరా? తెల్లాపూర్‌ల మా టవర్ల పక్కన కొత్త హోటల్ వెట్టిండ్రు. అన్ని దిక్కుల వంటలుంటయి. మన దిక్కుయి, వాళ్ళ దిక్కుయి, రాయలసీమయి. ఎవ్వలకు తక్కువ గాదు."

"సరే బిడ్డా. ఒక్కటే మాట. మొదటి ముద్ద నేను వండిన పరమాన్నం. దేవునికి పెట్టింది. అది నోట్లె పడ్డంక ఇగ మీ ఇష్టం."

ఒప్పుకున్నాడు. నేను కోరింది అదొక్కటే. మొదటి ముద్ద ఏదైతే నాలుకకు అదే సొంతూరు అవుతుందని మా నాయన అనేవాడు. ఆ పసివాడి నాలుకకు దేవుడి ప్రసాదమే సొంతూరు కావాలని నేను ఆ ఆరు నెలలూ మొక్కుకుంటూ ఉన్నాను.

ఆ రోజు చీకటితోనే లేచి తలస్నానం చేసి, కొత్త బియ్యం, ఆవు పాలు, బెల్లంతో పరమాన్నం వండాను. వాసన కూడా ముక్కుకు తగలకుండా కొంగు అడ్డం పెట్టుకునే కలిపాను. దేవుడి ముందు పెట్టి, తెర వేసి, గంట కొట్టాను. తెర తీశాక పైన తులసి ఆకు వేసి, స్టీలు డబ్బాకు ఎత్తి, ఉతికిన తెల్ల బట్టలో మూటగట్టాను. కారులో తెల్లాపూర్ దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

హోటలు గాజు తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి ఆపాడు. నెరిసిన మీసాల పెద్దాయన, బీహార్ వైపు వాడనుకుంటాను.

"మాతాజీ, బాహర్ కా ఖానా అందర్ నహీ."

"ఖానా కాదయ్యా. ప్రసాద్. భగవాన్ కా ప్రసాద్."

ఆయన చేతులు రెండూ జోడించి నుదుటికి తాకించుకున్నాడు కానీ పక్కకు జరగలేదు. లోపలికి చూసి మేనేజరును పిలిచాడు. మేనేజరు టై కట్టుకుని వచ్చాడు.

"సారీ మేడమ్, ఔట్‌సైడ్ ఫుడ్ అలౌ చెయ్యం. బేబీ ఫుడ్ అయితే ఓకే."

"ఇది బేబీకే నాయినా!"

"సీల్డ్ ప్యాక్ అయితేనే మేడమ్. దీనికి సీల్ లేదు కదా."

ఏ ఫ్యాక్టరీలోనో మిషను నింపిన డబ్బా అయితే లోపలికి పోవచ్చునట. భగవంతుడు చూసిన అన్నానికి సీలు లేదట! నా ఒళ్ళు మండిపోయింది. గొంతు పెంచాను. వెనక మా వియ్యంకుల చుట్టాలు వచ్చి నిలబడ్డారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "జెర లోపటికి నడువు. అందరు సూస్తున్నరు. పోరడు మాట్లాడతడు తియ్యి," అన్నాడు. అబ్బాయి ఓనరుకు ఫోను చేస్తూ రోడ్డు వైపు నడిచాడు. డబ్బాను పెద్దాయన స్టూలు మీద పెట్టి, "జాగ్రత్త, కింద పెట్టకు," అని చేత్తో చూపించి చెప్పి లోపలికి వెళ్ళాను. ముహూర్తం దాటడానికి ఇంకా అరగంట ఉంది.

లోపల చలి. పాటల రొద. మెనూ కార్డు మీద రెండు రాష్ట్రాల పటం వేసి, ఏ ముక్కలో ఏం తింటారో బొమ్మలు గీశారు. మా ముక్కలో సర్వపిండి ఉంది. తెప్పిస్తే, మూడు కోణాల ముక్కలుగా కోసి పక్కన ఎర్రటి సాసు పెట్టారు. పచ్చిపులుసును మందు తాగే చిన్న గ్లాసుల్లో పోసి తెచ్చారు. మా అమ్మ చేతి వంటకు వేషం కట్టించి బజారులో నిలబెట్టినట్టు అనిపించింది.

మా వియ్యపురాలు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎప్పటిలాగే అందరికీ తానే చెబుతోంది. "శుభకార్యం కదా, అన్నీ శాకాహారమే," అంది. నేను నమ్మాను. ఆకులు వేశారు. వడ్డించే కుర్రవాడు నా ఆకులో ఒక కూర వేశాడు. గోధుమరంగులో పీచుపీచుగా, సన్నగా కొట్టినట్టు ఉంది.

"ఏందిది?" అని లేచి నిలబడ్డాను. "పసిపోరని అన్నప్రాశననాడు ఖీమా వెడ్తరా? మనుషులేనా మీరు?"

"అయ్యో రామా! ఖీమా ఏమిటండీ వదినగారూ. అది పనసపొట్టు కూర. పనసకాయను పొట్టులా కొట్టి ఆవ పెడతారు. మా వైపు ఇది లేనిదే పెళ్ళిలో ఆకు వెయ్యరు."

ఆమె తమ్ముడు అవతల నుంచి అందుకున్నాడు. "పోనీలే అక్కయ్యా, వీళ్ళ వైపు పీచు కనిపిస్తే అది యాట మాంసమే అనుకుంటారు!"

అందరూ విరగబడి నవ్వారు. నవ్వినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు. దానికి నేను ఈయనను ఇంకా క్షమించలేదు.

పనసపొట్టు మా వైపు ఎవరూ వండరు. నాకెలా తెలుస్తుంది? తెలియకపోవడం తప్పు కాదు. తప్పు ఆ తరువాత చేశాను. నవ్వులు ఆగలేదన్న రోషంతో, భయపడలేదని చూపించడానికి, ఆ కూర వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. దేవుడికి చెప్పలేదు. మనసులోనైనా అర్పించలేదు. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"అయ్యో, ఏడవకండి వదినగారూ," అంది ఆవిడ. ఏడవడం లేదని చెప్పబోతే పొలమారింది.

అదే సమయంలో, ఆవిడ ఒక చేత్తో తన ఆకులో ఉలవచారు అన్నం కలుపుతోంది. ఒళ్ళో ఉన్న మనవడు ముందుకు వంగి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఒక వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. వేలికి అన్నం మెతుకు కూడా ఉంది. నేను చూశాను. ఆవిడా చూసింది. వెంటనే వేలు లాగేసుకుంటే ఊరుకునేదాన్నేమో.

"చూశారా!" అని పకపకా నవ్వింది. "ఎవరూ పెట్టలేదు, వాడే పట్టాడు. వీడు మా కృష్ణా జిల్లావాడే!"

మూడేళ్ళుగా మింగి పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"గది ఎడ్లకు వెట్టేది. మా కొట్టంల ఎడ్లకు ఉలవలు వెట్టినంక మిగిలిన నీళ్ళు కుండల వోసుకొని తింటున్నవు నువ్వు. నా మనవనికి కుడితి తాపిస్తివి గదనే!"

మీరు, వదినగారూ అనే మర్యాదలన్నీ దాటి ఏకవచనంలోకి దిగిపోయాను. ఆవిడ ముఖం నల్లబడింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు హాయిగా ఉంది.

కోడలు లేచింది. తల్లి ఒళ్ళో నుంచి పిల్లవాణ్ణి తీసుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అత్తయ్యగారూ, నేనూ ఆ కుడితి తాగి పెరిగినదాన్నే. మరి మీ అబ్బాయికి నన్నెందుకు చేసుకున్నారు?"

పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఆ గాజు తలుపు వైపు నడిచింది. ఆమె తల్లీ మేనమామా వెనకే వెళ్ళారు. సరిగ్గా అప్పుడే అబ్బాయి ఎదురు వచ్చాడు, ఫోను ఊపుతూ.

"అమ్మా! ఓనర్ ఒప్పుకున్నడు. తెచ్చుకోమన్నడు డబ్బా!"

నేను ఆకు ముందు నుంచి లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. స్టూలు మీద డబ్బా బోర్లించి ఉంది. కడిగి, తుడిచి, పక్కన నా తెల్ల బట్ట నాలుగు మడతలు వేసి పెట్టారు.

"ఎక్కడ? పరమాన్నం ఎక్కడ?"

పెద్దాయన భయపడ్డాడు. హిందీలో తడబడుతూ చెప్పాడు. మేనేజరు వచ్చి అది చెత్తబుట్టలో పారెయ్యమన్నాడట. "ఆప్ బోలే ప్రసాద్ హై. ప్రసాద్ కైసే ఫేంకే, మాతాజీ?" పారెయ్యలేక, పార్కింగ్ దగ్గర ఉన్నవాళ్ళను, వెనక పళ్ళేలు కడిగే ఆడవాళ్ళను పిలిచి, చెప్పులు విడిపించి, అందరికీ అరచేతుల్లో పెట్టాడట. డబ్బా తానే కడిగాడట. నేను వేసిన తులసి ఆకు ఆయన చెవి మీద ఉంది.

తిట్టడానికే వెళ్ళాను. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. ఆ ఆకును చూశాక మూసుకున్నాను. డబ్బా తీసుకుని కారు ఎక్కాను.

వారం తరువాత వియ్యపురాలి ఇంట్లో మళ్ళీ అన్నప్రాశన చేశారని, వెండి గిన్నెలో పాయసం పెట్టారని అబ్బాయి చెప్పాడు. మమ్మల్ని పిలవలేదు. అయిదు నెలలుగా మనవణ్ణి ఫోనులోనే చూస్తున్నాను. అన్నం తింటున్నాడు, నాలుగు పళ్ళు వచ్చాయి. వాడికి ఇంతవరకూ నా చేతి ముద్ద ఒక్కటీ అందలేదు.

ఉలవచారు మీద నా మనసు మారలేదు. ఆ హోటలు మీదా మారలేదు, ఆవిడ మీద అంతకన్నా మారలేదు. కానీ ఒక సంగతి రాయకపోతే అబద్ధమవుతుంది. మా నాయన ఉలవలు పెట్టాక, ఎడ్ల మెడల మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టేవాడు. అవి తిన్నాకే తాను తినేవాడు. ఎడ్ల తిండి అన్నది మా ఇంట్లో తిట్టు కాదు. దాన్ని తిట్టు చేసింది ఆ రోజు నా నోరే.

వచ్చే నెలలో మనవడి మొదటి పుట్టినరోజు. అదే హోటలు. కోడలు మమ్మల్ని రమ్మంది, ఒక్క షరతు మీద: అత్తయ్యగారు తిండి గురించి నోరెత్తకూడదు. ఒప్పుకున్నాను. డబ్బా సంగతి ఓనరుకు ముందే చెప్పానని అబ్బాయి అంటున్నాడు. ఓనరు చెప్పింది మేనేజరు వింటాడో లేదో ఆ భగవంతుడికే తెలియాలి.

అందుకే ఇది చదువుతున్న మీరు, ఏ దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా సరే, నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి. నారాయణా, ఆ రోజుకు నా నాలుకను కట్టెయ్యి. ఆవిడ నాలుకను కూడా, వీలైతే నా కంటే ముందే. నీకు పెట్టిన పరమాన్నాన్ని ఆ గాజు తలుపు దాటించి, ఒక్క ముద్దైనా వాడి నోట పడేట్టు చూడు. అది నీకు ఇష్టం కాకపోతే, ఆ పూట తలుపు దగ్గర ఆ పెద్దాయనే డ్యూటీలో ఉండేట్టు చూడు.